వెనక రెండు చక్రాలు

టైర్లో గాలి తీయడం చిటికెలో పని. మళ్లీ కొట్టడమే పెద్ద పని. మంచు మీదికి బండి ఎక్కించే వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది.

ఈస్టర్ సెలవులకు కొండ మీది చెక్క విడిదికి వెళ్లేటప్పుడు, తారురోడ్డు అయిపోయే చోట హోగ్ని తన పెద్ద జీపు ఆపి నాలుగు చక్రాల్లోంచీ గాలి తీసేశాడు. టైర్లు రొట్టెపిండి ముద్దల్లా వెడల్పుగా పరుచుకున్నాయి. అలా పరుచుకుంటేనే బండి మంచులో కూరుకుపోకుండా పైపైన పాకుతూ పోతుంది. ఇప్పుడు సెలవులు అయిపోయి మళ్లీ అక్కడికే దిగి వచ్చారు. ఇక ముందంతా గట్టి రోడ్డు. తీసిన గాలి కొట్టుకుంటే తప్ప కదలకూడదు.

ముందు రెండు చక్రాలకూ కొట్టాడు. వెనక చక్రానికి గొట్టం తగిలించగానే, బండి ముక్కులో ఉన్న గాలి పంపు గురగురమని మూలిగి ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది.

"పోయింది," అన్నాడు హోగ్ని.

"ఏం పోయింది?" అంది అతని అత్తగారు ఒడ్నీ.

"పంపు. కాలిపోయింది. పోయినేడే మార్చాల్సింది దీన్ని."

"పోయినేడు నేనూ అదే అన్నా," అంది అతని భార్య స్వాలా బండి లోపలి నుంచి. "గుర్తుందా? దానికి బదులు పాటలపెట్టె కొన్నావు."

"ఆ పాటలకి ఎగిరిందెవరు మరి, నేనా?"

ఒడ్నీ నవ్వలేదు. వంగి వెనక చక్రాన్ని చూసింది. డెబ్బై దాటిన మనిషి. వంగితే లేవడానికి బండినే పట్టుకోవాలి. టైరు అడుగున పొట్ట జారి, రిమ్ము నేలకు బెత్తెడు ఎత్తులో ఉంది. పైన ఉన్న బరువంతా దాని మీదే: పరుపుచుట్టలు, పారలు, పెట్రోలు డబ్బాలు, వంట గ్యాసు, నాలుగు రోజుల తిండిలో మిగిలింది. డ్రైవరు వెనకాల సీట్లో వాళ్ల ఆరేళ్ల కూతురు ఊనా, మూతి నిండా చాక్లెట్టుతో, బెల్టు పెట్టుకుని అప్పటికే తూగుతోంది.

హోగ్ని వెనక చక్రాలు రెంటికీ గాలి మీటరు పెట్టి చూశాడు. "ఎనిమిది పౌండ్లు. అవతలిదీ ఎనిమిదే."

"ఎంతుండాలి?"

"ఇరవై ఎనిమిది. కంగారుపడకు అమ్మమ్మా." కూతురు పిలిచినట్టే అతనూ ఆవిణ్ణి పిలుస్తాడు. "ముందువి రెండూ నిండుగా ఉన్నాయిగా. బండిని తిప్పేవి అవే. వెనకవి ఊరికే వెంట వస్తాయి. వంతెన దగ్గర పెట్రోలు బంకులో కొట్టుకుంటాం. ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. యాభైలో పోతా."

"ఎవరన్నా వచ్చేదాకా ఆగరాదూ? ఏదన్నా బండి దిగితే పంపు అడగొచ్చు."

"మనమే ఆఖరు. మిగతావాళ్లంతా పొద్దున్నే దిగిపోయారు. నీ రొట్టె కాలేదాకా ఆగింది మనమేగా."

"రొట్టె తినేటప్పుడు ఆ మాట అనలేదు నువ్వు," అంది స్వాలా.

ఒడ్నీ చిన్న కారు గురువారం నుంచి అక్కడే, రోడ్డు పక్కన గులకరాళ్ల మీద నిలిపి ఉంది. ఆమె ఇల్లు తూర్పున. వాళ్ల ఇల్లు పడమర, పట్నంలో. ప్రతి ఏడూ ఇక్కడే విడిపోతారు. విడిపోయే చోటంటే ఒడ్నీకి నాలుక ఎండిపోతుంది. బయల్దేరే వాళ్ల ముందు కీడు మాట అనకూడదని ఆమె తల్లి పట్టుబట్టేది. నోరు మంచిదైతే దారి మంచిదవుతుందనేది. ఒడ్నీ ఆ మాట దాటలేదు. తండ్రి పడవ ఎక్కిన రోజున రేవులో నిలబడి "క్షేమంగా వెళ్లి రా" అంది. భర్త ఆర్నుల్ఫ్‌ను అంబులెన్సులో ఎక్కించిన రోజునా అదే అంది. ఇద్దరూ తిరిగి రాలేదు. అయినా ఆమెకు ఇంకో మాట చేతకాలేదు.

ఇప్పుడు కూడా ఆమెకు ఒక మాట గుర్తొచ్చింది. ఒకసారి ఆర్నుల్ఫ్ ఇనుపతీగ ముక్కను అటూ ఇటూ గబగబా వంచి ఆమె అరచేతిలో పెట్టాడు. చెయ్యి చురుక్కుమంది. "మెత్తటి టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఇలాగే వంగి లేస్తుంది. పైకేమీ కనబడదు. లోపల్లోపల కాలి, కాలి, ఒక్కసారే పోతుంది," అన్నాడు. ఆ మాట చెబుదామని ఒడ్నీ నోరు తెరిచింది. కిటికీ అద్దంలోంచి ఊనా చెయ్యి ఊపింది.

"క్షేమంగా వెళ్లండి," అంది ఒడ్నీ.

జీపు కదిలింది. వెనక భాగం కుంగి, కూర్చోబోతున్న ఆవులా కనిపించింది. మలుపు తిరిగి మాయమయ్యేదాకా ఆమె అక్కడే నిలబడి, తన కారెక్కి తూర్పుకు తిరిగింది.

యాభైలో పోతానన్నాడు కదా. యాభైలో పోతే ఏం కాదు. ఈ మాట పైకే అనుకుంటూ నడిపింది. రెండు కిలోమీటర్లు పోగానే తోడు కోసం రేడియో పెట్టింది. వాతావరణం చెబుతున్నారు. దక్షిణాన ఈదురుగాలి అనుకున్న దానికన్నా ముందే వస్తోందట. వంతెన అవతల కొండ కింది దారిని ఆరింటికే మూసేస్తారట. అడ్డుకర్ర దించాక ఎవరినీ పోనివ్వరట.

ఐదు ఎప్పుడో దాటింది.

ఒడ్నీ కాలు దానంతటదే పైకి లేచింది. కారు నెమ్మదించింది. హోగ్ని కూడా రేడియో వింటూనే ఉంటాడు. రేపు పొద్దున్నే అతనికి డ్యూటీ. దారి మూస్తే రాత్రంతా బంకులో పడుకోవాలి. యాభైలో పోతే ఆరింటికి అడ్డుకర్ర దగ్గరికి చేరలేడు. ఆ లెక్క అతనూ వేసుకుని ఉంటాడు. వేసుకున్నవాడు యాభైలో పోడు.

కారు ఆపి కూతురికి ఫోన్ చేసింది. పలకలేదు. విడిదిలో కరెంటు లేక స్వాలా ఫోను నిన్ననే చచ్చిపోయింది. హోగ్నికి చేసింది. మోగి మోగి ఆగింది. బండి నడిపేటప్పుడు అతను ఫోన్ ఎత్తడు. మంచి అలవాటని అందరికీ చెప్పేది తనే. మళ్లీ చేసింది. ఈసారీ మోగి ఆగింది.

అప్పుడే ఈదురుగాలి మొదటి విసురు వచ్చి కారును పక్కనుంచి తోసింది. ఎవరో భుజంతో కొట్టినట్టు కారు ఒరిగి సర్దుకుంది. ఈ విసురే ఆ జీపుకు తగిలితే, ఆ పిండిముద్దల మీద, అంత వేగంలో. ఇక ఆలోచించలేదు ఒడ్నీ. రోడ్డు మధ్యలోనే కారు తిప్పింది.

తొంభైలో పోయింది. ఆర్నుల్ఫ్ పోయాక ఆమె వేగం చూపే ముల్లును డెబ్బై దాటనివ్వలేదు. స్టీరింగు చేతుల్లో వణికింది. కారు ఎందుకో ఒక పక్కకు లాగుతోంది. ఈదురుగాలి కదా అనుకుంది. దారి పొడవునా రోడ్డు పక్కన ఏం నల్లగా కనిపించినా టైరు ముక్కేమో అని చూసింది. ఒకటి చచ్చిన కాకి. ఒకటి ఎవరిదో చేతితొడుగు. ఒకచోట రోడ్డు మీద నల్లటి ముక్క పొడుగ్గా పడి ఉంటే దగ్గరికి పోయింది. గడ్డిమూటలకు చుట్టే ప్లాస్టిక్కు. గాలికి లేచి ఆమె అద్దానికి కరుచుకుని, ఎగిరిపోయింది.

నల్లటి ఇసుకమైదానం మొదలైంది. అక్కడ రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. అటూ ఇటూ ఏమీ ఉండదు, కాలువ తప్ప. చాలా దూరంలో ఒక చుక్క కనిపించింది. చుక్క జీపైంది. ఒడ్నీకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంకా నడుస్తూనే ఉంది. కానీ ఎనభైకి తక్కువ లేదు. దాని వెనక భాగం చేపతోకలా అటూ ఇటూ ఆడుతోంది. హోగ్ని అది ఈదురుగాలి వల్ల అనుకుంటున్నాడేమో.

దగ్గరయ్యాక లైట్లు వెలిగించి ఆర్పింది. మళ్లీ మళ్లీ చేసింది.

జీపు వెనక పసుపు లైట్లు రెండుసార్లు మెరిశాయి. పక్క కిటికీలోంచి స్వాలా చెయ్యి ఊగింది. అమ్మ ఏదో మరిచిపోయిన వస్తువు తెచ్చిందనుకుని ఉంటారు, అడ్డుకర్ర తొందరలో ఆగలేదు. క్రిస్మస్‌కి ఊనా టోపీ కోసం ఆవిడ ఇలాగే సగం దారి తరుముకుంటూ వచ్చింది. ఇంటికి చేరేదాకా దాన్ని చెప్పుకుని నవ్వారు. ఇప్పుడూ నవ్వుతూనే ఉంటారు. ఒడ్నీ హారను కొట్టింది. ఆ చప్పుడును ఈదురుగాలి ఆమె కారు ముక్కు మీదే ఊడ్చుకుపోయింది.

వాసన వచ్చింది. కారు అద్దాలు మూసి ఉన్నా వచ్చింది, రబ్బరు కాలిన వాసన.

అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున పోతాయి. ఒడ్నీ జీపును దాటడానికి ఎడమవైపుకు తీసింది. ఎన్నేళ్లయిందో ఆమె ఒక బండిని దాటి. జీపు పక్కకు వచ్చేసరికి దాని చాటున గాలి ఆగింది, చెవులు మూసుకుపోయినట్టు. పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, వెనక చక్రం. పక్కగోడ మడతలుపడి, లేస్తూ, మళ్లీ మడతపడుతూ తిరుగుతోంది. దాని మీద అక్షరాలు ఉండాల్సిన చోట బూడిదరంగు చార ఉంది. సన్నటి నీలం పొగ దారంలా వెనక్కి పోతోంది. సరిగ్గా దాని పైన, అద్దానికి చెంప ఆనించుకుని, ఊనా నిద్రపోతోంది.

ఆమె అరిచిందో లేదో ఆమెకు తెలియదు. జీపును దాటి ముందుకు వచ్చింది. దాటగానే ఆగి ఉన్న గాలి ఒక్కపెట్టున మీద పడి కారును కాలువ వైపు ఈడ్చింది. రెండు చక్రాలు గులకరాళ్లలోకి దిగాయి. ఎలా లాగిందో, మళ్లీ రోడ్డు మీదికి లాగింది.

ఇప్పుడు బ్రేకు మీద కాలు వేయకూడదు. తను గట్టిగా ఆపితే హోగ్ని అంతకన్నా గట్టిగా ఆపుతాడు. బరువంతా కదిలి, ఆ టైరు అప్పుడే పేలుతుంది. ఒడ్నీ కాలు కొద్దికొద్దిగా పైకి తీసింది. డెబ్బై ఐదు. డెబ్బై. వెనక చూపే అద్దంలో జీపు ముక్కు పెద్దదైంది. హారను మోగింది. ఒకసారి కాదు, ఆపకుండా. అరవై. హోగ్ని ముఖం అద్దంలో కనిపించింది. చెయ్యి ఎగరేస్తూ ఏదో తిడుతున్నాడు. అతని ధ్యాసంతా అడ్డుకర్ర మీద, ఆరుగంటల మీద.

అతను ఆమెను దాటడానికి ఎడమకు తీశాడు.

ఒడ్నీ కూడా ఎడమకు తీసింది, రోడ్డు నడిమధ్యకు. ఎదురుగా దూరంగా పాల ట్యాంకరు వస్తోంది. దాని లైట్లు మెరుస్తున్నాయి. పక్కకు తప్పుకుంటే హోగ్ని దాటుతాడు. తప్పుకోకపోతే ట్యాంకరు. ఒడ్నీ తప్పుకోలేదు. యాభై. నలభై ఐదు. ట్యాంకరు వాడు హారను అందుకున్నాడు. వెనక హోగ్ని కూడా దాన్ని చూసి కుడికి తగ్గాడు. అప్పుడు తగ్గింది ఒడ్నీ. ట్యాంకరు గోడలా పక్కనుంచి పోయింది. కారు దీపంలా వణికింది.

ముప్పై. ఇరవై.

వెనక తుపాకి పేలినట్టు చప్పుడైంది.

అద్దంలో జీపు ఒక మూలకు కూలబడటం, తోక తిరిగి అడ్డంగా జారడం, రిమ్ము తారును గీరి నిప్పులు రాలడం చూసింది. కాలువ అంచున గులకరాళ్లలో బండి ముక్కు కిందికి వంగి ఆగింది. పల్టీ కొట్టలేదు. ఆ వేగంలో పల్టీ కొట్టే శక్తి దానికి లేదు.

ఒడ్నీ తలుపు తీయబోతే ఈదురుగాలి తెరవనివ్వలేదు. రెండు కాళ్లతో తన్ని బయటపడింది. నడుము వంచి, చేతులతో గాలిని తోసుకుంటూ వెళ్లింది. అంత కొద్ది దూరంలో ఆమె మనసులో ఊనాను మూడుసార్లు పోగొట్టుకుంది. స్వాలా వెనక తలుపు లాగి పిల్లను ఎత్తుకుని ఉంది. ఊనా కళ్లు నులుముకుంటోంది.

"అమ్మమ్మా, పేలింది ఏంటి?"

ఒడ్నీ పిల్ల పాదం పట్టుకుంది. బూటు పైనుంచే పట్టుకుని వదల్లేదు.

హోగ్ని చక్రం దగ్గర చతికిలబడ్డాడు. మిగిలిన రబ్బరు మీద అరచెయ్యి పెట్టి చప్పున వెనక్కి తీసుకున్నాడు. అవతలి వైపు వెళ్లి రెండో చక్రాన్ని ముట్టుకుని అలాగే తీసుకున్నాడు. తిరిగి వచ్చేసరికి అతని ముఖం తెల్లబడి ఉంది.

"చూశాను," అన్నాడు. "మైదానం దాకా యాభైలోనే వచ్చి, ఆగి మరీ గాలి చూశా. ఎనిమిదున్నది పదకొండు చూపించింది. పోనీ బాగానే ఉందనుకుని తొక్కా."

"గాలి దానంతటదే ఎలా పెరుగుతుంది?" అంది స్వాలా.

"పెరగదు. కాలుతోంది లోపల. కాలి ఉబ్బింది."

"అమ్మా," అంది స్వాలా. "నువ్వు మా ముందుకొచ్చి ఆపావే. మేం వచ్చి గుద్ది ఉంటే? ఆ ట్యాంకరు? ఒక మాట అక్కడే, కొండ దగ్గరే చెబితే ఏం పోయేది?"

"బయల్దేరేవాళ్లకి ఎలా చెప్పనే?" అంది ఒడ్నీ.

"అలాగే చెప్పు. తిట్టు. కీ లాక్కో. మీ అమ్మ పోయి నలభై ఏళ్లయింది, ఇంకా ఆవిడ మాటేనా?"

ఈదురుగాలి ఇసుకను లేపి ముఖాల మీద కొట్టడం మొదలుపెట్టింది. అక్కడ నిలబడే వీలు లేదు. రెండు వెనక చక్రాలూ పోయిన బండిని ఒక్క స్టెప్నీతో లేపలేరు. పరుపుచుట్టలు వదిలేసి, పిల్లనూ దాని దుప్పటినీ తీసుకుని అందరూ ఒడ్నీ కారు దగ్గరికి వచ్చారు. పడమర దారి ఈపాటికి మూసేసి ఉంటారు. తూర్పుకు పోవాలి, ఒడ్నీ ఇంటికి.

ఊనా వెనక సీట్లో కూర్చుంది, పక్కన స్వాలా. హోగ్ని ఎక్కబోయి ఆగాడు. మీటరు ఇంకా జేబులోనే ఉంది. ఏమనుకున్నాడో, ఆ ఈదురుగాలిలో మోకాళ్ల మీద వంగి ఒడ్నీ కారు చక్రాలు చూడటం మొదలుపెట్టాడు. ఒడ్నీ డ్రైవరు సీట్లోంచి అతని వీపు కదలడం చూస్తోంది. ముందు ఎడమది. వెనక ఎడమది. వెనక కుడిది. నాలుగో దాని దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. మీటరు తీసి మళ్లీ పెట్టాడు.

లేచి వచ్చి ఆమె అద్దం మీద తట్టాడు. ఆమె వేలెడు దించింది.

"అమ్మమ్మా, ముందు కుడిది ఎప్పుడు చూశావు?"

"ఎందుకు?"

"పద్నాలుగుంది. ముప్పై రెండుండాలి. ముట్టుకుంటే కాలుతోంది."

ఒడ్నీ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. కారు ఒక పక్కకు లాగడం గుర్తొచ్చింది. గులకరాళ్లలోకి దిగిన చక్రం గుర్తొచ్చింది. కారుతో ఇచ్చిన పుస్తకం ఆమె అట్ట నుంచి అట్టదాకా చదివింది. అందులో గాలి గురించిన పేజీ కూడా చదివింది. కానీ చక్రాలు చూడటం ఆర్నుల్ఫ్ పని. అతను పోయాక ఆ పని ఒకటి ఉందని ఆమెకు తట్టనేలేదు.

"మూడు చలికాలాలయింది," అంది.

అత్తగారిని ఏడిపించడానికి హోగ్నికి ఇంతకన్నా మంచి అవకాశం జన్మలో దొరకదు. అయినా వదిలేశాడు. అందరినీ దింపి, కారులోని సన్నటి స్టెప్నీ బయటికి తీశాడు. స్వాలా కారు తలుపు తెరిచి దాని వెనక నిలబడి గాలికి అడ్డంకాసింది. ఒడ్నీ ఊనాను కోటులో చుట్టుకుని కాలువ గట్టు చాటున కూర్చుంది. పిల్ల ఆమె గడ్డం కింద వెచ్చగా ఊపిరి తీస్తోంది.

"ఇప్పుడు మనం మీ ఇంటికేనా?" అంది ఊనా.

"ఆ."

"మళ్లీ టాటా చెప్పక్కర్లేదా?"

"అక్కర్లేదు."

హోగ్ని నట్లు బిగించి, పాత చక్రాన్ని ఎత్తి కాలువ పక్కన పడేశాడు. అది ఒక్క దొర్లు దొర్లి పక్కకు వాలింది. పక్కగోడ మడతల్లోంచి నల్లటి రబ్బరుపొడి గుప్పెడు రాలింది. మరుక్షణంలో ఈదురుగాలి దాన్ని తీసుకుపోయింది. ఒడ్నీ ఆ రాలిన చోటు వైపే చూస్తూ కూర్చుంది. కూతురు వచ్చి చెయ్యి పట్టి లేపేదాకా లేవలేదు.

"నేను నడపను," అంది.

"నడపొద్దు," అంది స్వాలా. "వెనక కూర్చో, పిల్ల పక్కన."

హోగ్ని నలభైలో నడిపాడు. ఎవరూ రేడియో పెట్టమనలేదు. నిద్రపోయిన ఊనా తప్ప మిగతా ముగ్గురూ ఈదురుగాలి మోత కింద చక్రాల చప్పుడు వింటూ కూర్చున్నారు. ప్రతి రెండు కిలోమీటర్లకీ హోగ్ని ఆపి దిగేవాడు. నాలుగు చక్రాల మీదా అరచెయ్యి పెట్టి చూసేవాడు. అతను మళ్లీ లోపలికి వచ్చేదాకా ఒడ్నీ ఊపిరి తీసేది కాదు.